శబ్దం వచ్చే దిక్కును చెవి ఎంత కచ్చితంగా చెబుతుంది: మేడ మీద కొలిచి చూసే పద్ధతి

రాత్రిపూట వంటింట్లో కీచురాయి కూస్తుంటే దాన్ని వెతకడానికి ఎంత అవస్థ పడతామో అందరికీ తెలుసు. గ్యాస్ బండ వెనక ఉందనుకుని వంగితే కూత అలమర దగ్గర నుంచి వస్తున్నట్టు ఉంటుంది, అలమర జరిపితే కిటికీ వైపు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. అదే వంటింట్లో, అదే చీకట్లో తాళంచెవుల గుత్తి జారి పడితే మాత్రం చెయ్యి చాచి దాదాపు పడిన చోటే తడుముతాం. చెవులూ గదీ మారలేదు, శబ్దం ఒక్కటే మారింది. అందుకే మనిషి శబ్దం దిక్కును ఎంత కచ్చితంగా చెప్పగలడన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు ఇవ్వలేం. ఏ శబ్దం, ఏ వైపు నుంచి, ఎలాంటి చోట అన్నవి ముందు తేల్చుకోవాలి. కొలిచిన తర్వాత కూడా వేర్వేరు రకాల తప్పులను ఒకే సగటులో కలపకుండా విడివిడిగా లెక్కపెట్టాలి. ఈ రెండో జాగ్రత్త తీసుకోకపోతే ఎంత శ్రమపడి చేసిన కొలతైనా అబద్ధమే చెబుతుంది.

ఈ కొలతకు ప్రయోగశాల అక్కర్లేదు. ఖాళీ మేడ గానీ ఆటస్థలం గానీ, పురికొస, సుద్దముక్కలు, దర్జీలు వాడే టేపు, తాళంచెవుల గుత్తి, ఒక ఫోను, నలుగురు మనుషులు ఉంటే రెండు సాయంత్రాల్లో పూర్తవుతుంది.

కొలిచే ముందు తెలిసి ఉండవలసినది

కుడివైపు పుట్టిన శబ్దం కుడి చెవికి ముందుగానూ ఎడమ చెవికి కాస్త ఆలస్యంగానూ చేరుతుంది. గాలిలో ధ్వని 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, సరిగ్గా పక్క నుంచి వచ్చే శబ్దం పెద్దవారి తల చుట్టూ వంపు తిరిగి అవతలి చెవిని చేరడానికి దాదాపు 0.65 మిల్లీసెకను అదనంగా పడుతుంది. మన తల పరిమాణానికి ఇంతకన్నా పెద్ద తేడా రాదు. ఎదురుగా ఉన్న శబ్దం ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే వచ్చే తేడా సుమారు 9 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతులు తొమ్మిది. అనుకూలమైన పరిస్థితుల్లో మన వినికిడి దాదాపు అంత చిన్న తేడానూ పట్టుకుంటుంది.

రెండో ఆధారం తల నీడ. సన్నని కీచు శబ్దాల తరంగాలు పొట్టివి కాబట్టి తల వాటిని అడ్డుకుంటుంది, అవతలి చెవికి శబ్దం తగ్గి వినిపిస్తుంది. ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది దాని పౌనఃపున్యం, దాని కొలత హెర్ట్జ్. ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర ఈ తేడా 20 డెసిబెల్ల వరకు ఉండవచ్చు. బొంగురు శబ్దాల తరంగాలు పొడవైనవి కనుక తలను చుట్టి సాగిపోతాయి, వాటికి ఈ నీడ దాదాపు ఉండదు. 1904లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన లార్డ్ రేలీ, తక్కువ పౌనఃపున్యాలకు కాలభేదమూ ఎక్కువ పౌనఃపున్యాలకు తీవ్రతాభేదమూ దిక్కు చూపుతాయని 1907లో వివరించాడు. ఈ రెండింటి మధ్య ఒక బలహీనమైన మేర ఉంది. 1500 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 23 సెంటీమీటర్లు, తల వెడల్పుతో పోల్చదగినంత. అక్కడి నుంచి పైకి పోతే ఆగకుండా మోగే శుద్ధ స్వరంలో, అంటే ఒకే ఒక్క పౌనఃపున్యం ఉన్న స్వరంలో, ఏ అల ఏ చెవికి ముందు చేరిందో మెదడు పోల్చుకోలేదు. తల నీడేమో ఇంకా చిక్కబడి ఉండదు.

మూడో ఆధారం చెవి డొప్ప. మీకు కుడివైపు ముందు 30 డిగ్రీల దగ్గర మోగిన శబ్దమూ, కుడివైపు వెనక దానికి అద్దంలో ప్రతిబింబంలా ఉన్న చోట మోగిన శబ్దమూ రెండు చెవులకూ దాదాపు ఒకే కాలభేదంతో, ఒకే తీవ్రతాభేదంతో చేరతాయి. ముందు, వెనక, పైన, కింద అనే తేడాను తెలియజేసేది ప్రధానంగా డొప్ప మడతల్లో శబ్దం తగిలి మారే తీరు. ఆ మార్పు ఎక్కువ పౌనఃపున్యాల్లోనే కనిపిస్తుంది, పైగా శబ్దంలో అనేక పౌనఃపున్యాలు కలిసి ఉంటేనే ఉపయోగపడుతుంది. తాళంచెవుల గలగలలో అవన్నీ ఉంటాయి. కీచురాయి కూతలో శక్తి అంతా చాలా జాతుల్లో 4000, 5000 హెర్ట్జ్ ప్రాంతంలో ఒక సన్నని పట్టీగా ఉంటుంది. మనం పడే అవస్థకు మూలం అదే.

మొదటి అడుగు: చోటు

నేను మొదటిసారి ఈ పరీక్షను పిల్లలతో బడి వరండాలో చేయించాను. ఒకవైపు గోడ, ఒకవైపు ఖాళీ. గోడ వైపు జవాబులు ఒక రకంగా, ఖాళీ వైపు జవాబులు ఇంకో రకంగా వచ్చి, మేం కొలిచింది చెవినా గోడనా తేల్చుకోలేక ఆ కాగితాలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. 1936లో స్టీవెన్స్, న్యూమన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇదే చిక్కును తప్పించుకోవడానికి వినేవారిని భవనం పైకప్పు మీద ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టారు. చుట్టూ గోడలు లేకపోతే ప్రతిధ్వని లేదు.

మామూలు గదుల్లో ముందుగా చేరిన శబ్దానికే మెదడు ప్రాధాన్యమిచ్చి, కొద్ది మిల్లీసెకన్ల వెనక వచ్చే ప్రతిధ్వనిని దాంట్లో కలిపేసుకుంటుంది. వాలక్, న్యూమన్, రోజెన్‌వైగ్ అనే పరిశోధకులు 1949లో దీన్ని ప్రయోగాలతో చూపారు. ఠక్కున మొదలయ్యే శబ్దాలకు ఈ ఏర్పాటు బాగా పనిచేస్తుంది, మెల్లగా మొదలై సాగే స్వరాలకు పెద్దగా పనిచేయదు. కాబట్టి పిట్టగోడ నుంచి కనీసం మూడు మీటర్లు ఎడంగా ఉండే చోటు చూసుకోండి. నేల నుంచి తిరిగి వచ్చే ధ్వని గురించి కలత అక్కర్లేదు, అది కూడా అదే దిక్కు నుంచి వస్తుంది కనుక కుడి ఎడమల తీర్పును చెడగొట్టదు. గాలి తక్కువగా, వాహనాల రొద సద్దుమణిగిన వేళ ఎంచుకోవాలి.

రెండో అడుగు: వృత్తం

పురికొసను 286.5 సెంటీమీటర్లకు కొలిచి ముడివేయండి. ఈ కొలతకు కారణం ఉంది: ఆ వ్యాసార్థంతో గీసిన వృత్తం చుట్టుకొలత 18 మీటర్లు వస్తుంది, అంటే గీత వెంబడి ప్రతి 5 సెంటీమీటర్లూ ఒక డిగ్రీ. కోణమానిని అవసరం లేకుండా టేపుతోనే కోణం చదువుకోవచ్చు. ఒకరు కొసను మధ్యలో తొక్కి పట్టుకుంటే మరొకరు సుద్దతో వృత్తం గీయాలి. పురికొస సాగుతుంది కనుక సగం గీసిన తర్వాత పొడవు మళ్ళీ సరిచూసుకోవాలి. ఒక గుర్తు నుంచి అదే కొస పొడవును తిన్నగా చాచి వృత్తం మీద తర్వాతి గుర్తు పెట్టుకుంటూ వెళ్తే సరిగ్గా ఆరు కొలతల్లో మొదటికి రావాలి. రాకపోతే గీత వంకరపోయిందన్నమాట. ఆ ఆరు గుర్తుల మధ్య గీత వెంబడి 1.5 మీటర్ల దగ్గర మరో గుర్తు పెడితే 30 డిగ్రీలకు ఒకటి చొప్పున పన్నెండు స్థానాలు, గడియారం అంకెల్లా, సిద్ధమవుతాయి. వినేవారి ముఖానికి ఎదురుగా ఉన్నది 0, కుడి పక్క 90, వీపు వెనక 180, ఎడమ పక్క 270.

మూడో అడుగు: శబ్దాలు

కనీసం మూడు రకాలు కావాలి. ఒకటి తాళంచెవుల గుత్తిని ఒక్కసారి విదిలించడం. రెండోది 500 హెర్ట్జ్ శుద్ధ స్వరం, మూడోది 3000 హెర్ట్జ్ శుద్ధ స్వరం. స్వరాలు పుట్టించే ఉచిత ఆప్‌లు దొరుకుతాయి. ఫోను స్పీకరు తక్కువ స్వరాలను వక్రీకరించి పై స్వరాలను కలుపుతుంది కనుక చిన్న బ్లూటూత్ స్పీకరు మేలు.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. స్వరం ఠక్కున మొదలైనా ఠక్కున ఆగినా ఆ క్షణంలో “టప్” అనే చిన్న చప్పుడు పుడుతుంది. ఆ చప్పుడులో అన్ని పౌనఃపున్యాలూ ఉంటాయి. వినేవారు స్వరాన్ని వదిలి ఆ చప్పుడు దిక్కునే చెప్పేస్తారు, మీరేమో 3000 హెర్ట్జ్‌లో కూడా చెవి అద్భుతంగా పనిచేస్తుందని రాసుకుంటారు. అందుకని స్వరాన్ని ముందే రికార్డు చేసుకుని, ఆడియో ఎడిటింగ్ ఆప్‌లో మొదలూ చివరా ఒక్కోటి 50 మిల్లీసెకన్ల పాటు క్రమంగా పెరిగి తగ్గేలా చేసి పెట్టుకోండి. మొత్తం నిడివి పావు సెకనుకు మించకూడదు. అంతకన్నా ఎక్కువసేపు మోగితే వినేవారు తెలియకుండానే తల తిప్పుతారు, అప్పుడు కొలత వేరే అవుతుంది.

నాలుగో అడుగు: పరీక్ష నడపడం

వినేవారు వృత్తం మధ్యలో వీపు ఆనించని స్టూలు మీద కళ్ళకు గంతలతో కూర్చుంటారు. శబ్దం వారి చెవి ఎత్తులో మోగాలి. పన్నెండు స్థానాలకూ ఐదేసి చొప్పున అరవై చీటీలు రాసి డబ్బాలో వేసి కలిపి, ఒక్కొక్కటే తీసి ఆ స్థానంలో శబ్దం చేయాలి. మన ఇష్టానికి స్థానాలు ఎంచుకుంటే తెలియకుండానే ఒక వరస వచ్చేస్తుంది, తెలివైన పిల్లలు దాన్ని పసిగడతారు.

అడుగుల చప్పుడు ఈ పరీక్షకు పెద్ద శత్రువు. సహాయకులు ఇద్దరుండాలి, ఇద్దరూ చెప్పులు విడవాలి, ప్రతి చీటీకీ ఇద్దరూ కదలాలి, శబ్దం మాత్రం ఒకరే చేయాలి. వారు కదులుతున్నంతసేపూ వినేవారు ఒకటి నుంచి పది వరకు పైకి లెక్కపెడితే వారి సొంత గొంతే అడుగుల చప్పుడును కప్పేస్తుంది. పది అన్న తర్వాత తల నిటారుగా, కదలకుండా పెట్టుకుని ఎదురుచూస్తారు. గుత్తిని ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా విదిలించాలి. లేకపోతే ఫలానా సహాయకుడి చెయ్యి గట్టిది, అతను ఎడమవైపు ఉన్నాడన్నట్టుగా శబ్దం పెద్దదా చిన్నదా అన్నదే దిక్కుకు సూచన అయిపోతుంది.

జవాబు చూపడంలోనూ మెలకువ కావాలి. కుడి చేయి చాచి చూపితే ఆ గీత భుజం నుంచి మొదలవుతుంది, వృత్తం మధ్య నుంచి కాదు. కనుక ఒక తిన్నని కర్రను రెండు చేతులతో రొమ్ము నడిమికి ఆనించి పట్టుకుని, శబ్దం పూర్తిగా ఆగిన తర్వాతే శరీరాన్ని తిప్పి చూపమనాలి. కర్ర సూచించే దిక్కులో వృత్తం గీత మీద ఎక్కడ పడుతుందో రాసేవారు టేపుతో కొలిచి డిగ్రీల్లో రాస్తారు. తప్పో ఒప్పో వినేవారికి చెప్పకూడదు, కనీసం “అబ్బ” అని కూడా అనకూడదు.

అసలు పరీక్షకు ముందు పది చిన్న కొలతలు తీసుకోండి: కళ్ళు తెరిచి ఒక గుర్తును చూపించి, గంతలు కట్టి, కర్రతో అదే గుర్తును చూపమనండి. ఇందులో వచ్చే తేడా చెవిది కాదు, చేతిది. చివరి ఫలితం పక్కన దీన్ని రాయకపోతే చేతి తప్పును చెవి మీద మోపినట్టవుతుంది.

ఐదో అడుగు: లెక్క

ఎదురుగా కుడివైపు 30 డిగ్రీల దగ్గర శబ్దం ఐదుసార్లు మోగిందనుకోండి. జవాబులు 26, 34, 149, 31, 28 అని వచ్చాయనుకుందాం. అసలు స్థానం నుంచి తేడాలు వరసగా 4, 4, 119, 1, 2. కూడితే 130, సగటు 26 డిగ్రీలు. ఈ అంకె చూసినవారు ఈ మనిషికి దిక్కు సరిగ్గా తెలియదనే అనుకుంటారు. కానీ 149 అన్న జవాబును జాగ్రత్తగా చూడండి. 180 నుంచి 149 తీసేస్తే 31. అంటే అతను పక్కకు ఎంత దూరమన్నది ఒక్క డిగ్రీ తేడాలో సరిగ్గానే విన్నాడు, ముందుకు బదులు వెనక అనుకున్నాడు, అంతే. ఆ ఒక్క జవాబును అద్దంలో తిప్పి లెక్కిస్తే తేడాలు 4, 4, 1, 1, 2, సగటు 2.4 డిగ్రీలు. 26కూ 2.4కూ మధ్య ఉన్న ఈ దూరం కోసమే ఇంత వ్యాసం రాయవలసి వచ్చింది. రెండు వేర్వేరు పనులు చేసే రెండు వేర్వేరు ఆధారాల్లో ఒకటి బాగానే ఉంది, ఒకటి ఒక్కసారి తప్పింది. స్టీవెన్స్, న్యూమన్ కూడా ముందూ వెనకా తారుమారైన జవాబులను విడిగానే పరిగణించారు.

కాబట్టి ప్రతి స్థానానికీ మూడు అంకెలు రాయండి. మొదటిది తారుమారు జవాబుల సంఖ్య. కుడి సగంలో 180 నుంచి, ఎడమ సగంలో 540 నుంచి జవాబును తీసేస్తే దాని ప్రతిబింబం వస్తుంది. 90, 270 స్థానాల దగ్గర మాత్రం ముందుకూ వెనక్కూ తేడా లేదు కనుక అక్కడ ఈ లెక్క వేయకూడదు. రెండోది, తారుమారులను సరిచేశాక ప్లస్, మైనస్ గుర్తులతో సహా తీసిన సగటు తేడా, ఇది జవాబులు ఒకే వైపు మొగ్గుతున్నాయా అన్నది చెబుతుంది. మూడోది, గుర్తులు వదిలేసి తీసిన సగటు తేడా. పై ఉదాహరణలో మొగ్గు సున్నా, సగటు తేడా 2.4, తారుమారు ఐదింటిలో ఒకటి.

355కీ 5కీ మధ్య తేడా 350 కాదు, 10. తేడా 180 దాటితే దాన్ని 360 నుంచి తీసేయాలి. ఇంకొక కొలబద్ద కూడా దగ్గర పెట్టుకోండి: ఏమీ వినకుండా ఇష్టం వచ్చినట్టు చూపితే, సరిచేయని సగటు తేడా 90 డిగ్రీల దగ్గర తేలుతుంది.

గుత్తి చప్పుడుకు ఎదురుగా తేడా కొద్ది డిగ్రీలే ఉండి, పక్కలకు పోయేకొద్దీ పెరగడం మీ కాగితంలో కనిపించాలి. కారణం లెక్కలోనే ఉంది: ఎదురుగా మొదటి 10 డిగ్రీలకు కాలభేదం సుమారు 89 మైక్రోసెకన్లు మారితే, పక్కన 80 నుంచి 90 డిగ్రీల మధ్య సుమారు 49 మాత్రమే మారుతుంది. 500 హెర్ట్జ్ స్వరానికి కుడి ఎడమలు బాగానే వచ్చినా తారుమారులు ఎక్కువవుతాయి. 3000 హెర్ట్జ్‌కు రెండూ చెడతాయి. హార్వర్డ్ పైకప్పు మీద కూడా 2000, 4000 హెర్ట్జ్‌ల మధ్యనే తప్పులు ఎక్కువగా వచ్చాయి.

ఆరో అడుగు: ఎంత చిన్న తేడాను పట్టగలం

దిక్కును వేలితో చూపడం వేరు, రెండు దిక్కుల మధ్య తేడాను గుర్తించడం వేరు. రెండోది ఎప్పుడూ సూక్ష్మమే. 1958లో మిల్స్ అనే పరిశోధకుడు ఎదురుగా ఉన్న తక్కువ స్వరాలకు ఈ హద్దు ఒక్క డిగ్రీ దాకా ఉంటుందని చూపాడు. పక్కలకు పోతే అది అనేక రెట్లు పెరుగుతుంది.

మీ వృత్తం మీద దీన్ని కొలవడానికి టిక్కుమనే బాల్‌పెన్ను చాలు. 0 గుర్తు దగ్గర ఒకసారి టిక్కుమనిపించి, చేతిని కుడికో ఎడమకో జరిపి మళ్ళీ టిక్కుమనిపించాలి. ఎటు జరపాలో నాణెం ఎగరేసి నిర్ణయించాలి. రెండు పెన్నులు వాడకండి, వాటి చప్పుళ్ళు వేరుగా ఉంటే అదే సూచన అవుతుంది. చొక్కా చేతుల రాపిడి కూడా వినిపిస్తుంది, పొట్టి చేతుల చొక్కా వేసుకోవాలి. 40 సెంటీమీటర్లతో, అంటే 8 డిగ్రీలతో మొదలుపెట్టి 20కి, 10కి, 5కి దిగండి. ప్రతి దూరానికీ ఇరవై సార్లు అడగాలి. గుడ్డిగా చెప్పినా సగం సరిపోతాయి కనుక, ఇరవైలో కనీసం పదిహేను సరిగ్గా వచ్చిన అతి చిన్న దూరాన్ని హద్దుగా తీసుకోవాలి. కేవలం అదృష్టంతో పదిహేను గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావడం వంద పరీక్షల్లో సుమారు రెండింటిలోనే జరుగుతుంది.

మేడ దొరకనివారికి ఒక మీటరు రబ్బరు గొట్టం ఉంది. రెండు కొసలను రెండు చెవుల దగ్గర పట్టుకుని (లోపలికి దూర్చకూడదు) గొట్టాన్ని వీపు వెనకగా వేలాడదీయాలి. సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టి, దానికి అటూ ఇటూ పెన్సిలుతో తట్టాలి. మధ్య నుంచి ఒక సెంటీమీటరు కుడికి తడితే కుడి చెవికి దారి ఒక సెంటీమీటరు తగ్గుతుంది, ఎడమ చెవికి ఒకటి పెరుగుతుంది. మొత్తం రెండు సెంటీమీటర్ల తేడా, కాలంలో సుమారు 58 మైక్రోసెకన్లు. అంటే ఎదురుగా ఆరేడు డిగ్రీలు పక్కకు జరిగిన శబ్దంతో సమానం. తట్టిన ప్రతిసారీ కుడి అనో ఎడమ అనో తడుముకోకుండా చెప్పే పిల్లల ముఖాలు చూడటానికైనా ఈ పరీక్ష ఒకసారి చేయించాలి.

ఏడో అడుగు: ఆధారాలను ఒక్కొక్కటిగా తీసివేయడం

మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను ఒక చెవికి పెట్టి గుత్తి పరీక్షను మళ్ళీ చేస్తే, జవాబులు తెరిచి ఉన్న చెవి వైపు మొగ్గుతాయి. రెండో అంకె ఇక్కడే ఉపయోగపడుతుంది. చెవిలో నొప్పి గానీ చీము గానీ ఉన్నవారి చేత ఇది చేయించకూడదు. తర్వాత ప్లగ్ తీసి, చెవి రంధ్రం మూసుకుపోకుండా డొప్ప మడతల మీద మాత్రం మెత్తటి పేపర్ టేపు అతికించి చూడండి. కుడి ఎడమలు అలాగే ఉండి తారుమారులు పెరిగితే, ముందూ వెనకలను చూసుకునేది డొప్పేనని మీ అంకెలే చెబుతాయి. నెదర్లాండ్స్‌లో హోఫ్‌మన్, ఆయన సహచరులు 1998లో ప్రచురించిన ప్రయోగంలో పెద్దవారి చెవి డొప్పల్లో అచ్చులు అమర్చగానే పైకీ కిందకీ తేడా పోయింది. వాటిని రోజంతా పెట్టుకుని తిరిగాక కొన్ని వారాల్లో మళ్ళీ కుదిరింది. అచ్చులు తీసేశాక పాత చెవులతో వినడం మరిచిపోలేదు కూడా.

చివరిగా, తల కదపనివ్వండి. శబ్దాన్ని మూడు సెకన్ల పాటు మోగించి, ఆ లోపు తలను మెల్లగా ఎడమకూ కుడికీ తిప్పమనండి. శబ్దం ముందుంటే తల కుడికి తిరిగినప్పుడు అది ఎడమ చెవి వైపు జరుగుతుంది, వెనక ఉంటే కుడి చెవి వైపు జరుగుతుంది. వాలక్ 1940లో విడమరిచిన ఈ సూచన 500 హెర్ట్జ్ స్వరానికి కూడా పనికివస్తుంది, తారుమారులు దాదాపు మాయమవుతాయి. ఒక చెవి వినికిడి తగ్గినవారు మీ ఇంట్లో ఉంటే, వారిని పిలవాలంటే ఒక్కసారి పిలిచి ఊరుకోకుండా, వారు తల తిప్పి చూసేదాకా మాట్లాడుతూ ఉండండి.